షెల్టర్‌లో వలంటీర్‌గా చేరదామనుకుంటున్నా, మా వీధి పెద్దాయన కుక్క సంగతి కూడా ఉంది, కాస్త చెప్పండి

నిజాంపేట_నుంచి:

అందరికీ నమస్తే. మాది నిజాంపేట, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. చిన్నప్పుడు సెలవులన్నీ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో కుక్కలు పిల్లులు దూడలతోనే గడిచిపోయేవి, ఇక్కడ అద్దె ఫ్లాట్‌లో పెంచుకునే వీలు లేదు, అందుకే ఆదివారాలు ఏదైనా కుక్కలు పిల్లుల షెల్టర్‌కి వెళ్ళి చేతనైన పని చేద్దామని ఏడాది నుంచి అనుకుంటున్నా. మొన్న ఒక షెల్టర్‌కి మెసేజ్ పెడితే రమ్మన్నారు గానీ, ఒక ఆదివారం వచ్చి ఫొటోలు దిగి వెళ్ళిపోయేట్టయితే వద్దు, మూడు నెలలు ఆపకుండా వస్తానంటేనే రండి అన్నారు. ఆ మాట సబబే, కానీ నేను నిలబడగలనా అని కొంచెం గుబులుగా ఉంది. అసలు అక్కడ ఏం పని చేయిస్తారు? ఇంకోటి, అమ్మ ఒకటే గొడవ, కరిస్తే ఏంటి నీ పరిస్థితి, పెళ్ళి కావాల్సిన పిల్లవి అని. ముందే రేబిస్ ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

అసలు రాద్దామనుకున్నది ఇంకొకటి. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకునే పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గర రాజు అని ఒక గోధుమరంగు దేశీ కుక్క, ఆరేళ్ళది, పొద్దస్తమానం బండి కిందే పడుకుంటుంది. వాళ్ళావిడ పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచి ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. వారం నుంచి అది అన్నం ముట్టట్లేదట, నిన్న ముక్కులోంచి రక్తం కూడా కారింది, నేనే చూశా. ఇంటి ఓనర్ కూడా జబ్బు కుక్కని ఉంచొద్దు అంటున్నాడంట. నేను షెల్టర్‌కి వెళ్తున్నానని ఎవరో చెప్పినట్టున్నారు, బట్టలు తీసుకోడానికి వెళ్తే "బిడ్డా, నువ్వు కుక్కల ఆశ్రమానికి పోతవంట గదా, దీన్ని గూడ ఆడ ఇడిచిపెట్టి రా, నాతోని అయితలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ నా వైపు చూడలేదు, ఒకే చొక్కా కాలర్ మీద పెట్టె తిప్పుతూనే ఉన్నాడు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. తీసుకెళ్ళి షెల్టర్‌లో చేర్చనా?


ఆదివారం_డ్యూటీ:

చెల్లీ, నేను ఐదేళ్ళుగా నగరం శివార్లలో ఒక షెల్టర్‌కి వెళ్తున్నా, ఉన్నదున్నట్టు చెప్తా. మొదటి రెండు నెలలు నీ పని చీపురు, పార, బకెట్. పొద్దున ఏడింటికి కెన్నెళ్ళు, అంటే కుక్కల గదులు, తెరిస్తే రాత్రంతా చేసిన దొడ్డి, ఒంటేలు, కక్కిన అన్నం, ఇవన్నీ ముందు ఎత్తాలి, నీళ్ళు కొట్టాలి, తర్వాత బ్లీచింగ్. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, మురికి ఎత్తకుండానే బ్లీచింగ్ నీళ్ళు పోసేస్తారు, అలా పోస్తే ఆ మురికిలోనే దాని పవర్ అయిపోతుంది, కింద వైరస్ అలాగే ఉంటుంది. పార్వో అని ఒక రోగం ఉంది, టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది, రక్తం విరేచనాలు, వాంతులు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకి అంటుకుని ఇంకో ఇంటికి కూడా వెళ్తుంది. మామూలు ఫినాయిల్‌ని నమ్ముకోవద్దు, బ్లీచ్ కావాలి. పిల్లులున్న గదిలోకి ఫినాయిల్ అసలు తీసుకెళ్ళొద్దు, వాటికి అది విషం. బ్లీచ్‌లో ఫినాయిల్ గానీ బాత్రూం యాసిడ్ గానీ కలపొద్దు, ఆ పొగ పీలిస్తే మనమే పడిపోతాం. షెల్టర్‌కి వేరే చెప్పులు, వేరే బట్టలు పెట్టుకో, ఇంటికొచ్చాక విడిగా ఉతుకు.

తర్వాత గిన్నెలు తోమడం, అన్నం, చికెన్ కాళ్ళు కలిపి వండటం, ఏ కుక్క తిన్నది ఏది తినలేదు బుక్కులో రాయడం. ఈ రాయడం చిన్న పని అనుకోకు. డాక్టర్ వారానికి రెండుసార్లే వస్తాడు, మధ్యలో ఏం జరిగిందో ఆ బుక్కే చెప్పాలి. నడిపించడం, స్నానాలు పోయడం, అడాప్షన్ క్యాంపులు, ఇవన్నీ నువ్వు కుక్క ఒళ్ళు చూసి మనసు చెప్పగలిగేటప్పటికి వస్తాయి. తోక ఊపుతున్నంత మాత్రాన అది సంతోషంగా ఉన్నట్టు కాదు, ఒళ్ళు బిగుసుకుని, నోరు మూసుకుని, కనుగుడ్లలో తెల్లభాగం కనపడుతుంటే తోక ఊగుతున్నా సరే చెయ్యి పెట్టొద్దు. కూర్చుని, పక్కకి తిరిగి, దాన్నే రానివ్వు.

ఇప్పుడు రాజు గురించి. దయచేసి వెంటనే తీసుకెళ్ళి చేర్చకు. ఎందుకంటున్నానో చెప్తా. రెండేళ్ళ కింద మా దగ్గరికి ఒక లాబ్రడార్ వచ్చింది, తొమ్మిదేళ్ళది. కుటుంబం ఫారిన్ వెళ్ళిపోతోందంట, దాని స్టీలు గిన్నె, దుప్పటి, సగం అయిపోయిన ఫుడ్ ప్యాకెట్ అన్నీ పద్ధతిగా సర్ది ఇచ్చి వెళ్ళారు. అది పదకొండు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. గేటు బయట కారు ఆగిన చప్పుడు అయితే మాత్రం లేచి నిలబడేది. కారు ఎవరిదో చూసి మళ్ళీ వెళ్ళి గోడవైపే పడుకునేది. చేత్తో పెరుగన్నం పెడితే రెండు ముద్దలు తినేది, అదీ మనం బాధపడతామని తింటున్నట్టు ఉండేది. ముసలి కుక్కని, అందులో జబ్బు కుక్కని ఎవరూ అడాప్ట్ చేసుకోరు, క్యాంపులో అందరి చేతులూ చిన్న కుక్కపిల్లల వైపే వెళ్తాయి. దాని చివరి ఏడాదిన్నర మా దగ్గరే గడిచింది.

ఇందులో షెల్టర్ తప్పు లేదు. ఎనభై కుక్కల జాగాలో రెండొందలు ఉంటాయి, పనివాళ్ళు నలుగురు. హైదరాబాద్‌లో అక్కినేని అమల గారు 1992లో బ్లూ క్రాస్ అనే జంతువుల సంస్థ పెట్టినప్పటి నుంచి చూసినా, ఇలాంటి చోట్లు ఉన్నది ముఖ్యంగా దెబ్బలు తగిలినవాటికి, దిక్కులేనివాటికి. రాజుకి దిక్కు ఉంది, ఆయనకి చెయ్యి అందించేవాళ్ళే లేరు. నువ్వు ఆయన్ని ఒక్క మాట అడుగు, "తాతా, దీనికి జబ్బు తగ్గితే నీ దగ్గరే ఉంచుకుంటావా?" అని. మేమిప్పుడు వదిలేస్తామని వచ్చే ప్రతివాళ్ళనీ ఇదే అడుగుతున్నాం. చాలామంది కుక్క మీద ప్రేమ పోయి రారు, ఆటోవాడు కుక్కని ఎక్కించుకోడు, డాక్టర్ ఫీజు ఎంతో తెలీదు, ఓనర్ గొడవ, ఇంట్లో ఎవరికో ఆపరేషన్, వీటిల్లో ఏదో ఒకటి తట్టుకోలేక వస్తారు. అది మనం తీర్చగలిగేదే అయితే కుక్క ఇంట్లోనే ఉంటుంది.


పశువుల_డాక్టర్:

చూడకుండా ఇదే జబ్బు అని చెప్పకూడదు, కానీ తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం, అందులోనూ ఎప్పుడూ బయటే ఉండే కుక్క అంటే నాకు ముందు అనుమానం వచ్చేది టిక్ ఫీవర్. పిడుదులు, మీవైపు గోమార్లు అంటారు, వాటి ద్వారా వచ్చేది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అందుకే ముక్కు నుంచి కారుతుంది. చిగుళ్ళు ఎత్తి చూడండి, గులాబీరంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. రక్తపరీక్ష చేసి, అదే అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు వాడతాం, మందు పెద్ద ఖరీదు కాదు, కానీ వారానికే లేచి తిరుగుతోందని మధ్యలో ఆపేస్తారు, అక్కడే మళ్ళీ తిరగబెడుతుంది. పెద్దాయనకి టైం గుర్తుండకపోతే మీరు చూడండి, ఖాళీ కడుపుతో ఇవ్వొద్దు, వాంతి చేసుకుంటుంది.

మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఏవీ వెయ్యొద్దు. డోలో, బ్రూఫెన్ వేసి తీసుకొచ్చిన కేసులు చాలా చూశా, జబ్బు కన్నా ఆ మాత్ర ఎక్కువ చేటు చేస్తుంది. పిడుదులకి కిరోసిన్ పుయ్యొద్దు, ఒళ్ళు కాలిపోతుంది, నాకితే లోపలికీ పోతుంది. ఇంకో సంగతి, పిడుదులు కుక్క మీద ఉన్నవాటికన్నా గోడ పగుళ్ళలో, బండి చెక్కల సందుల్లో ఎక్కువ ఉంటాయి, ఆ ఇస్త్రీ బండి కూడా శుభ్రం చేయించాలి.

ఖర్చు గురించి అయితే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ ఉంది, పొద్దున్నే వెళ్ళండి. ఏపీ వాళ్ళు చదువుతుంటే గన్నవరం, తిరుపతి కాలేజీల్లోనూ చూస్తారు. జూలై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించిన రోజు, ఆరోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, చాలామంది పెంపుడు కుక్కలవాళ్ళకే ఈ సంగతి తెలీదు, మీ వీధిలో చెప్పండి.

మీ అమ్మగారి భయం న్యాయమైనదే. షెల్టర్‌లో పనిచేసేవాళ్ళు ముందుగానే మూడు డోసులు వేయించుకోవాలి, మొదటి రోజు, 7వ రోజు, 21 లేదా 28వ రోజు. ఇది వేయించుకున్నా కరిస్తే మళ్ళీ రెండు డోసులు పడాల్సిందే, వెళ్ళిన రోజు ఒకటి, మూడు రోజులకి ఇంకోటి, కాకపోతే గాటు దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల మందు) అవసరం ఉండదు. గాటు పడగానే పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకుండా పారే నీళ్ళ కింద సబ్బుతో పావుగంట కడగాలి. పావుగంట అంటే నిజంగా గడియారం చూసి పావుగంట. టీటీ కూడా వేయించుకోండి.


బ్రౌనీ_వాళ్ళమ్మ:

పైన అన్నగారు రాసింది చదివి రాయకుండా ఉండలేకపోయా. మాది విజయవాడ. నేను మా కుక్క బ్రౌనీని షెల్టర్‌లో వదిలేద్దామని వెళ్ళినదాన్నే. బాబు పుట్టిన రెండో నెల, ఆయనకి ఉద్యోగం పోయింది, అత్తగారు పసిపిల్లాడి ఇంట్లో కుక్క బొచ్చేంటని రోజూ అనేవారు, అదేమో నేను బాబుని ఎత్తుకుంటే చాలు మొరిగేది. నిద్రలేక, కుట్లు మానక, ఒకరోజు దాన్ని ఆటోలో వేసుకుని వెళ్ళిపోయా. అక్కడ ఒక అమ్మాయి, కాలేజీ పిల్లే, ఫారం ఇవ్వకుండా ముందు మంచినీళ్ళు ఇచ్చింది. "అక్కా మీరు భోజనం చేశారా" అని అడిగింది. ఆ రెండు నెలల్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశా.

నాకు చెడ్డపేరు పెడతారనుకుని వెళ్ళా, ఒక్క మాట కూడా అనలేదు. ఇరవై రోజులు బ్రౌనీని ఒక వలంటీర్ వాళ్ళింట్లో ఉంచారు. ఆ ఇరవై రోజులూ బాబు ఉతకని జుబ్బా ఒకటి ఇప్పించుకుని దాని పరుపు దగ్గర పెట్టారంట వాసన అలవాటు కావడానికి. తిరిగొచ్చాక ఆ అమ్మాయి వారానికోసారి ఇంటికొచ్చి, బాబు దగ్గరున్నప్పుడు అది మొరగకుండా కూర్చుంటే చిన్న ముక్క పెట్టడం, బాబుతో దాన్ని ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకపోవడం, అన్నీ నేర్పింది. రెండు నెలలు ఫుడ్ బస్తా కూడా తెచ్చిచ్చారు. ఇప్పుడు బాబుకి నాలుగేళ్ళు, ఆ బుజ్జిగాడు స్కూల్ నుంచొచ్చి ముందు బ్రౌనీ గిన్నెలో నీళ్ళున్నాయో లేవో చూస్తాడు.

చెల్లీ నువ్వు ఆ పెద్దాయన్ని తిట్టలేదు, జాలిగా చూసి వచ్చేశావ్ కదా, అదే మొదటి సాయం. ఆయన నీ మొహం చూడలేకపోయాడంటే ఎంత నలిగిపోతున్నాడో నాకు తెలుసు.


మియాపూర్_మెట్రో:

అందరూ వద్దంటున్నారు గానీ ఆ పెద్దాయన స్వయంగా నావల్ల కావట్లేదు అన్నాడు కదా. పేదవాడి మీద ఇంకా బరువు పెట్టడం కరెక్టేనా? షెల్టర్లు ఉన్నది ఇలాంటి వాటికే కదా.


ఆదివారం_డ్యూటీ:

అన్నా మీ ప్రశ్న న్యాయమైనదే. బలవంతంగా ఉంచమని నేను అనట్లేదు. నిజంగా చేతకానివాళ్ళు ఉంటారు, మంచాన పడ్డవాళ్ళు, కుక్కని కొట్టే ఇళ్ళు, పిల్లల్ని రెండుసార్లు కరిచిన కుక్కలు, అలాంటప్పుడు షెల్టర్‌కి ఇచ్చేయడమే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ముందే ఫోన్ చేసి, జాగా ఉందో లేదో కనుక్కుని ఇవ్వాలి. రాత్రిపూట గేటుకి కట్టేసి పోవడం, అవుటర్ రింగ్ రోడ్డు మీద దింపేసి పోవడం, అది మాత్రం జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే 1960 చట్టం ప్రకారం నేరం. ఇంట్లో పెరిగిన కుక్కకి రోడ్డు దాటడం రాదు, ఎక్కువ రోజులు బతకదు. ఇక్కడ నేను అడగమంటున్నది ఒక్క ప్రశ్నే, ఆయన "వద్దు బిడ్డా" అంటే అప్పుడు షెల్టర్ సంగతి చూద్దాం. ఓనర్ దగ్గరికి కావాలంటే నేనూ వస్తా. టీకా కార్డు, కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కాగితం చూపించి మర్యాదగా మాట్లాడితే పదిమందిలో ఆరేడుగురు మెత్తబడతారు, నా అనుభవం ఇది. ఓనర్లకి కుక్క మీద కోపం కన్నా రేపు ఎవరినైనా కరిస్తే నా మెడకి చుట్టుకుంటుందనే భయమే ఎక్కువ.


భీమిలి_రోడ్:

మాది వైజాగ్. ఇక్కడ వీఎస్‌పీసీఏ లాంటి పెద్ద షెల్టర్ ఉన్నా, మా కాలనీ వాళ్ళం ఏడెనిమిది మందిమి వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని వేరేగా ఒక పని చేస్తన్నాం. సంక్రాంతికి అందరూ ఊళ్ళకి పోతారు కదండీ, కుక్కని ఏం చెయ్యాలో తెలీక మేడ మీద కట్టేసి వారానికి సరిపడా అన్నం పెట్టి పోయినోళ్ళని చూశాం. బోర్డింగ్‌లు పండక్కి రోజుకి ఎంత అడుగుతారో తెలుసు కదా. అందుకని వంతులు వేసుకున్నాం, ఈ పండక్కి మీ కుక్క మా ఇంట్లో, దసరాకి మాది మీ ఇంట్లో. దీపావళి ముందు రోజు ప్రతి మెడ బెల్టుకీ ఫోన్ నంబర్ రాసిన బిళ్ళ ఉందా లేదా అని ఇంటింటికీ తిరిగి చూస్తాం, ఎందుకంటే చప్పుళ్ళకి బెదిరి పారిపోయేవి ఆ రెండు రోజుల్లోనే ఎక్కువ. షెల్టర్‌లో చేరినా చేరకపోయినా మీ వీధిలో ఇది మొదలెట్టండి, పైసా ఖర్చు లేదు.


టెక్సాస్_తెలుగు:

నేను ఇక్కడ కౌంటీ షెల్టర్‌లో శనివారాలు చేస్తుంటా. ముందు ఓరియెంటేషన్ క్లాస్, తర్వాత అనుభవం ఉన్న వలంటీర్ వెనక తిరగడం, ఆ తర్వాతే గొలుసు చేతికిస్తారు, పెద్ద కుక్కల దగ్గరికి ఇంకా చాలా రోజులకి గానీ పంపరు. ఇక్కడ నేను చూసి నేర్చుకున్నది, ఫుడ్ బ్యాంక్. మనుషులకి రేషన్ ఇచ్చినట్టే కుక్కలకి, పిల్లులకి తిండి ఇస్తారు, ఎందుకు అని గుచ్చి గుచ్చి అడగరు. నెల చివర్లో వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు, మళ్ళీ జీతాలు పడ్డాక వాళ్ళే ఒక బస్తా తెచ్చి పెట్టి వెళ్తారు. ఇంకో మాట మనవాళ్ళకి, వీసా వచ్చాక కుక్క గురించి ఆలోచించకండి, అప్లై చేసిన రోజే ఆలోచించండి. వెంట తీసుకురావచ్చు, కాకపోతే గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే చిప్, రేబిస్ సర్టిఫికెట్, కాగితాలకి నెలలు పడుతుంది. వీలు కాదంటే దానికి నచ్చిన మనిషిని వెతకడానికి కూడా ఆ టైమే కావాలి.


నిజాంపేట_నుంచి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, ఐదు వారాల తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. ఆ మర్నాడే వెళ్ళి అడిగా, తగ్గితే ఉంచుకుంటావా తాతా అని. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి "నేను ఉంచుకునుడు ఏంది బిడ్డా, అదే నన్ను ఉంచుకుంది" అన్నాడు. మూడు ఆటోలు ఎక్కించుకోలేదు, నాలుగో ఆయన వెనక సీట్లో గోనెపట్టా వేస్తే సరే అన్నాడు. డాక్టర్ గారు మీరు చెప్పినట్టే టిక్ ఫీవర్, ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నాయి, మొదటి నాలుగు రోజులు సెలైన్‌కి రోజూ తీసుకెళ్ళాం, ఆఫీస్ నుంచి రెండు రోజులు సెలవు పెట్టా. తర్వాత 28 రోజుల మాత్రలకి, తాతకి చదువు రాదు కాబట్టి, క్యాలెండర్ కాగితం మీద పొద్దునకి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మలు వేసి బండికి అంటించా, వేసినప్పుడల్లా బొగ్గుతో గీత పెట్టాడు. ఒక్క గీత కూడా తప్పలేదు. పన్నెండో రోజు నుంచి అన్నం తింటోంది, ఇప్పుడు చిగుళ్ళు కూడా గులాబీరంగులోకి వచ్చాయి.

ఆదివారం డ్యూటీ అన్న నిజంగానే వచ్చి ఓనర్‌తో మాట్లాడారు. రేబిస్ టీకా కొంచెం కోలుకున్నాక వేద్దామన్నారు, వచ్చే వారం వేయిస్తున్నాం, ఆ కార్డు చూపిస్తే సరే అన్నాడు ఓనర్.

షెల్టర్‌కి మూడు ఆదివారాలు వెళ్ళా, నా మూడు డోసులు అయిపోయాయి, అమ్మ ఇప్పుడు బట్టలు గేటు దగ్గరే విప్పి బకెట్లో వెయ్యి అనడం వరకు వచ్చింది. రెండో వారం పార్వో గదిలో ఒక నల్ల కుక్కపిల్ల చచ్చిపోయింది, అంతకు కాసేపటి ముందే నా చేత్తో గ్లూకోజ్ నీళ్ళు తాగించా. ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ తినలేకపోయా. మళ్ళీ ఆదివారం వెళ్ళనేమో అనుకున్నా గానీ వెళ్ళా, కెన్నెల్ కడగాలి కదా.

ఒక చిన్న సాయం. మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో భీమిలి వాళ్ళు చెప్పినట్టు వంతుల లిస్ట్ మొదలెట్టా, ఇప్పటికి నాలుగు ఇళ్ళు చేరాయి. నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి వైపు ఎవరైనా ఉంటే ఇక్కడ రాయండి. పాత దుప్పట్లు, పాత టవళ్ళు ఉన్నా చెప్పండి, చలికాలం వచ్చేస్తోంది, శనివారం సాయంత్రం నేనే వచ్చి తీసుకుంటా. దూది ఊడిపోయే బొంతలు మాత్రం వద్దన్నారు, కుక్కపిల్లలు మింగేస్తున్నాయంట.